వీధి మలుపు దాకా

ఆదివారం. బట్టలు ఉతికి ఆరేసేసరికి పదకొండు దాటింది. వారం నుంచి ప్రింట్లు తీసి దాచుకున్న కాగితాలు హాల్లో నేల మీద పరిచి, ఒకదాని పక్కన ఒకటి టేపుతో అతికించాను.

అవి 1622 మార్చి 12న బ్రస్సెల్స్‌లో జరిగిన, ఆ ప్రాంతాన్ని ఏలిన ఆర్చ్‌డ్యూక్ ఆల్బర్ట్ అంతిమయాత్ర బొమ్మలు. ఆయన పోయింది అంతకు ముందు జూలైలో. జాక్ ఫ్రాంకార్ గీసిన ఆ ఊరేగింపును కోర్నెలిస్ గాల్ చేత రాగిరేకుల మీద చెక్కించి, 1623లో పుస్తకంగా వేశారు. పొడుగాటి నల్లటి అంగీల్లో వరసలు వరసలుగా పెద్దమనుషులు. కళ్ళు దగ్గరపెట్టి చూస్తే ఆ నలుపు నలుపు కాదు. వెంట్రుకంత గీతలు, వాటి మీద అడ్డంగా మళ్ళీ గీతలు. పైగా రేకు మీద అంతా తిరగేసి చెక్కాలి. కాగితం మీద కుడివైపు నడిచే మనిషి రేకు మీద ఎడమవైపు నడుస్తాడు. అంతమందినీ అలాగే చెక్కారు, ఒక్కరినీ వదలకుండా. నాకు అక్కడే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇంగ్లండ్‌లో జాన్ ఆబ్రీ అనే రచయిత తొమ్మిదేళ్ళప్పుడు గ్లోస్టర్‌లో ఒక బట్టల వ్యాపారి ఇంట్లో ఇలాంటివే చూశాడు. అవి 1587లో జరిగిన కవి ఫిలిప్ సిడ్నీ అంతిమయాత్ర బొమ్మలు. కాగితాలన్నీ అతికించి రెండు కడ్డీలకు చుట్టారట. ఒకటి తిప్పితే మనుషులంతా వరసగా నడిచిపోయేవాళ్ళు. పెద్దయ్యాక కూడా అది నిన్న చూసినట్టే ఉందని రాసుకున్నాడు.

నేను వంటింట్లోంచి రెండు అప్పడాల కర్రలు తెచ్చాను. ఒకటి మేనకోడలి చేతికిచ్చాను.

"అత్తా, ఈ గుర్రం మీద ఎవరూ లేరేంటి?"

"ఆయన పోయాడుగా. ఉత్త గుర్రాన్నే నడిపించుకెళ్తున్నారు."

తాతయ్య పోయినప్పుడు నాకు దాని వయసే. ఆడపిల్లలు రాకూడదన్నారు. గేటు పట్టుకుని నిలబడ్డాను. పాడె టైలర్ కొట్టు దగ్గర మలుపు తిరిగింది. ఆ తర్వాత డప్పులు మాత్రం వినిపించాయి, కాసేపటికి అవీ లేవు. వెంట ఎవరెవరు వెళ్ళారో, ఎవరు ముందు నడిచారో నేను చూడలేదు. అడిగితే ఎవరూ వివరంగా చెప్పలేదు.

చివరి కాగితం దాకా తిప్పాం. మేనకోడలు వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది.

"చూడు, అందరూ ఇంటికొచ్చేస్తున్నారు."

నిదానంగా తిప్పమన్నాను.