డ్యూటీలో ఉన్నా థంబ్ పడదు: నా అనుభవం

హైదరాబాద్‌లో ఒక కేంద్ర ప్రభుత్వ ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. రోజంతా గ్లవ్స్, మధ్యమధ్యలో సబ్బు, శానిటైజర్. ఏళ్ల తరబడి అలా చేసేసరికి వేళ్ల చివర చర్మం ఎండిపోయి గీతలు అరిగిపోయాయి.

కరోనా మొదలయ్యాక 2020 మార్చిలో ఆపేసిన ఆధార్ బయోమెట్రిక్ హాజరును (వేలిముద్రతో వేసే హాజరు) 2021 నవంబర్ 8 నుంచి మళ్లీ పెట్టారు. అప్పటి నుంచే నాకు ఇబ్బంది. 2024 జూన్‌లో కేంద్రం ఆలస్యాల మీద గట్టిగా ఆదేశాలిచ్చాక అది భయంగా మారింది. ఆలస్యమైన రోజుకు సగం రోజు సీఎల్ (క్యాజువల్ లీవ్) పోతుంది మరి.

పొద్దున తొమ్మిదికి ముందే గేటు దగ్గరుంటాను. బొటనవేలు పెడితే ఎర్ర లైటు. చూపుడువేలు పెట్టినా అంతే. చేయి తుడుచుకుని మళ్లీ పెడతాను. వెనక లైను పెరుగుతుంటుంది. "కాస్త గట్టిగా నొక్కండి మేడమ్" అంటాడు సెక్యూరిటీ అబ్బాయి. గట్టిగా నొక్కితే గీతలు ఇంకా అణిగిపోతాయి, ముద్ర అసలే రాదు. ఎప్పటికో పడితే అప్పటికి టైము దాటిపోయి ఉంటుంది. సెక్షన్‌లో చెప్పుకుంటే "సిస్టంలో లేకపోతే నేనేం చేయనమ్మా" అన్నారు. నేను తీసిన రక్త నమూనాల మీద టైముతో సహా నా సంతకాలున్నాయి. అవి సాక్ష్యం కాకుండా ఎలా పోతాయి?

దారి చూపింది హాజరు వ్యవస్థను చూసుకునే మా నోడల్ ఆఫీసర్. "ఆధార్ వెబ్‌సైటులో మీ అథెంటికేషన్ హిస్టరీ తీయండి" అన్నారు. ఓటీపీతో తెరిస్తే ప్రతి ప్రయత్నం తేదీ, సమయంతో సహా కనిపించింది. విఫలమైన వాటి పక్కన 300 అనే కోడ్ ఉంది. ముద్ర సరిపోలలేదని దానర్థం. 330 ఉంటే బయోమెట్రిక్స్ లాక్ అయి ఉన్నాయని, ఆధార్ యాప్‌లో ఆ లాక్ తీసేస్తే సరిపోతుందని చెప్పారు. ఆ హిస్టరీ ప్రింట్ తీసి అర్జీకి జతచేశాను. నేను ఫలానా నిమిషానికి గేటు దగ్గరున్నానని ఆ కాగితమే చెప్పింది. కోసిన సీఎల్‌లు వెనక్కి వచ్చాయి.

నిజానికి ఆ యంత్రం దగ్గర మన ముద్రలేవీ ఉండవు. తీసుకున్న ముద్రను ఆధార్ సర్వర్‌కు పంపుతుంది, అక్కడి నుంచి అవును, కాదు అన్న జవాబొక్కటే వస్తుంది. అక్కడున్నవి నేను 2012లో ఇచ్చిన ముద్రలు. అందుకే మాదాపూర్ ఆధార్ సేవా కేంద్రంలో బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకున్నాను. అప్పుడు వంద రూపాయలు, 2025 అక్టోబర్ నుంచి 125 అయింది. అక్కడికి వెళ్లే ముందు కొన్నాళ్లు రాత్రిపూట చేతులకు క్రీము రాసుకోమని చర్మ వైద్యురాలు చెప్పారు. అది బాగా పనిచేసింది. నాలుగు వేళ్లు, మళ్లీ నాలుగు, తర్వాత రెండు బొటనవేళ్లు, ఆపైన కళ్లు, ఫొటో. ఆపరేటరు ఓపిగ్గా, ముద్ర స్పష్టంగా వచ్చేదాకా తీశాడు. రసీదు మీది నంబరుతో స్టేటస్ చూసుకుంటూ ఉన్నాను. అప్‌డేట్ పూర్తయ్యాక ఉంగరం వేలు చక్కగా పడుతోంది. పది వేళ్లలో ఏదైనా చెల్లుతుందని చాలామందికి తెలియదు, అందరూ బొటనవేలితోనే తంటాలు పడుతుంటారు.

నా బాధ తీరింది గానీ మా ఫ్లోర్ తుడిచే అక్కలది తీరలేదు. ఫినాయిల్‌లో నానే వాళ్ల చేతులు నా చేతులకన్నా అధ్వానం. వాళ్లకు సీఎల్ కాదు, ఏకంగా ఆ రోజు కూలి డబ్బే పోతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్లకు ముఖంతో హాజరు వేసే యాప్ ఎందుకూ పనికిరాదు. అందుకని గేటు దగ్గర ఐరిస్ యంత్రం (కంటిపాపను చూసి గుర్తుపట్టేది) పెట్టాలని, అది వచ్చేదాకా ముద్ర పడని రోజు రిజిస్టరులో సంతకం తీసుకోవాలని అందరం కలిసి అర్జీ ఇచ్చాం. రిజిస్టరుకు ఒప్పుకున్నారు. ఐరిస్ యంత్రం కోసం ఇంకా అడుగుతూనే ఉన్నాం.