హెచ్‌ఎం ప్రమోషన్: స్కూలు గురించి అడిగినవాళ్లే లేరు

నల్లగొండ జిల్లాలో ఒక జెడ్పీ హైస్కూల్లో హెచ్‌ఎంగా మొన్ననే చేరాను. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నా.

నేను టీచర్ల నియామక పరీక్ష డీఎస్సీ 2002లో లెక్కల స్కూల్ అసిస్టెంట్‌గా, అంటే హైస్కూల్ లెక్కల టీచర్‌గా, వచ్చినదాన్ని. డిపార్ట్‌మెంట్ పరీక్షలు, అంటే ప్రమోషన్‌కు కావాల్సిన గెజిటెడ్ టెస్ట్, అకౌంట్ టెస్ట్, ఎప్పుడో పాసయ్యాను. వాటితో ఏ ఇబ్బందీ రాలేదు.

ఏడిపించింది సీనియారిటీ జాబితా. ప్రమోషన్ ఆ వరుసలోనే ఇస్తారు. మా డీఎస్సీలోనే నాకంటే తక్కువ మెరిట్ ఉన్నవాళ్ల కింద నా పేరు పెట్టారు. అప్పట్లో నాకు చందంపేట వైపు పోస్టింగ్ వచ్చింది, ఆర్డర్ ఆలస్యంగా అందింది. ఆ చేరిన తేదీ చూసి వరుస వేసేశారు. 1996 సర్వీస్ రూల్స్‌లో 33వ రూల్ ప్రకారం ఒకే సెలక్షన్‌లో వచ్చినవాళ్లకు మెరిట్ వరుసే లెక్క. హెచ్‌ఎం పోస్టు మల్టీజోన్ స్థాయిది, అంటే కొన్ని జోన్లు కలిపి ఒకే జాబితా, వాటిలో ఎక్కడికైనా వేయొచ్చు. మనది మల్టీజోన్-2, అంటే యాదాద్రి, చార్మినార్, జోగులాంబ జోన్లు. జాబితాలో కిందికి జారితే మిర్యాలగూడలో ఉండాల్సిన మనిషి గద్వాలకు పోవాల్సి రావచ్చు.

అభ్యంతరం పట్టుకొని ఆఫీసుకు పోయాను. సెక్షన్‌లో ఆయన కాగితం వైపు చూడనైనా చూడలేదు. "లిస్ట్ పైకి పోయింది మేడం. టీచర్ల సంఘం వాళ్లను ఎవరినన్నా తీసుకొని రారాదు?" అన్నాడు. అదే గదిలో నాకంటే జూనియర్ ఒకాయన సంఘం నాయకుడి పక్కన కుర్చీలో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. ఇరవై ఏళ్లకు పైగా పిల్లలు లేచి నిలబడి నమస్తే చెప్పిన మనిషిని, ఆ బల్ల ముందు సర్వీస్ రిజిస్టర్ పట్టుకొని నిలబడ్డాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా కదల్లేదు.

చివరికి కాగితం ఇన్‌వర్డ్‌లో, అంటే ఆఫీసుకు వచ్చే కాగితాలు నమోదు చేసే చోట, ఇచ్చి, నా కాపీ మీద ముద్ర, నంబరు వేయించుకున్నాను. పాత మెరిట్ జాబితా నకలు, రూల్ ప్రతి జతచేసి పై అధికారికి కూడా పంపాను. తుది జాబితాలో నా పేరు సరైన చోటికి వచ్చింది. మీరూ నోటి మాట నమ్మకండి, ముద్ర లేకుండా ఒక్క కాగితం ఇవ్వకండి. ఏటా చందా పుస్తకంతో వచ్చే నాయకుల కోసం అసలు ఎదురుచూడకండి.

వెబ్ ఆప్షన్లు, అంటే ఏ స్కూలు కావాలో ఆన్‌లైన్‌లో ఎంచుకోవడం, ఒక్క సాయంత్రంలో అయిపోయాయి.

ఇంత తతంగంలో స్కూలు గురించి నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. పిల్లలు బడి మానేస్తే ఏం చేస్తావు, చదవడం రాకుండా తొమ్మిదో తరగతికి వచ్చినవాళ్లను ఎలా గట్టెక్కిస్తావు అని ఎవరికీ పట్టలేదు. నా క్లాసులో లెక్కలు తప్పిన పిల్లలు చాలా అరుదు, ఆ మాట గర్వంగానే చెప్తాను. అదీ ఎవరికీ అక్కర్లేదు. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రిన్సిపాల్ నియామకానికి రాత పరీక్ష, ఇంటర్వ్యూ పెడతారు. మన దగ్గర సీనియారిటీ తీసేయమని నేను అనను, తీసేస్తే పైరవీలు ఇంకా పెరుగుతాయి. సీనియారిటీలో ఉన్నవాళ్లకే ఆర్డర్ ఇచ్చే ముందు శిక్షణ ఇచ్చి, కొన్నాళ్లు మంచి హెచ్‌ఎం దగ్గర పనిచేయించి, ఆ తర్వాత స్కూలు అప్పగించాలి.

చేరిన రోజే జీతాల బిల్లు, మధ్యాహ్న భోజనం లెక్కలు నా ముందు పెట్టారు. డీడీఓగా, అంటే స్కూలు డబ్బు డ్రా చేసి పంచే అధికారిగా, సంతకం నాది. ట్రెజరీ లాగిన్ ఎలా తెరవాలో నేర్పింది మాత్రం మా ఆఫీసు జూనియర్ అసిస్టెంట్. ఆ అబ్బాయి లేకపోతే ఈ నెల మా టీచర్లకు జీతాలు ఆగేవి.