సూపర్‌సిలియస్: కనుబొమలో పుట్టిన పొగరు

నోరు విప్పకుండా, ముఖం చూపుతోనే ‘నువ్వెంత, నీ లెక్కెంత’ అనేసేవాళ్ళ కోసం ఇంగ్లీషులో ఉన్న విశేషణం సూపర్‌సిలియస్. ‘అహంకారి’ అని రాసి ఊరుకుంటే ఈ మాటకు అన్యాయం చేసినట్టే. అహంకారంలో నేను గొప్ప అన్నది ముందుంటుంది, ఇందులో నువ్వు తక్కువ అన్నదే ముందు.

లాటిన్‌లో ‘సూపర్’ అంటే పైన, ‘సిలియం’ అంటే కనురెప్ప. రెప్పకు పైనున్నది సూపర్‌సిలియం, అంటే కనుబొమ. రోమన్లు గర్వాన్నీ, కొండ అంచునీ కూడా ఆ మాటతోనే చెప్పేవారు. విశేషణం 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. పక్షుల్ని గమనించేవాళ్ళు కంటి పైనుండే చారను నేటికీ సూపర్‌సిలియం అనే అంటారు. మన చెరువు గట్ల మీద తోక ఆడిస్తూ తిరిగే నలుపు తెలుపు పిట్ట, వైట్ బ్రౌడ్ వాగ్‌టైల్, కనబడితే చూడండి: ముక్కు దగ్గర మొదలై కంటి మీదుగా వెనక్కి సాగే ఆ తెల్ల చార కొట్టొచ్చినట్టు ఉంటుంది.

తెలుగు చేసేటప్పుడే అసలు చిక్కు. ‘కనుబొమలు ఎగరేశాడు’ అని రాస్తే మన పాఠకుడికి తోచేది ‘ఏంటి సంగతి?’ అన్న ప్రశ్న, లేదంటే ఆశ్చర్యం. బొమలు ముడిపడితే కోపం; భృకుటి ముడి వేయడం అన్నది అందుకే. బొమల్ని కిందికి, దగ్గరికి లాగే కండరం పేరు కరుగేటర్ సూపర్‌సిలియై. పైకెత్తేది ఫ్రంటాలిస్, అది వేరు. మనకు గర్వమొస్తే కళ్ళు నెత్తికెక్కుతాయి, తీసిపారేయాలంటే పెదవి విరుస్తాం. కాబట్టి అవయవాన్ని పట్టుకు వేలాడకుండా, నవ్వుకైతే ‘చులకనగా నవ్వాడు’, గొంతుకైతే ‘ఈసడింపుగా అన్నాడు’, మనిషికైతే ‘అందరినీ చిన్నచూపు చూసే రకం’ అని రాస్తే సరిపోతుంది.

పలికేటప్పుడు ఊనిక ‘సి’ మీద పడాలి. స్పెల్లింగులో (supercilious) అక్కడ ఇంగ్లీషు ‘సి’ (c) అక్షరమే స-కార ధ్వని ఇస్తుంది, దాని ముందు ‘ఎస్’ చేర్చడం తరచూ జరిగే తప్పు. ‘ఎల్’ కూడా ఒక్కటే. పైపైది అనే అర్థమున్న సూపర్‌ఫిషియల్‌తో దీన్ని కలపకండి. కండిసెండింగ్ కూడా దగ్గరిదే గానీ, అందులో మెట్టు దిగొచ్చి మనమీద దయ చూపిస్తున్నట్టు నటన ఉంటుంది. సూపర్‌సిలియస్ మనిషి ఆ మాత్రం కూడా దిగిరాడు.