మొదటి అర మిల్లీమీటరు

ఈ దేశానికి వచ్చాక నా చేతికిచ్చిన మొదటి పని, గాడి ఉన్న ఒక ఉక్కు భాగం. భారం పడుతూ తగ్గుతూ ఉంటే గాడి అడుగున పగులు పుడుతుంది, కొద్దికొద్దిగా సాగుతుంది, ఒకనాడు ముక్క విరుగుతుంది. ఎన్ని భారచక్రాలకు విరుగుతుందో ప్రయోగశాలలో తేలకముందే కంప్యూటర్‌లో లెక్కకట్టి చెప్పాలి.

చదువుకునే రోజుల నుంచీ నాకు ఇష్టమైన పనే. లెక్క కోసం ముక్కను చిన్న చిన్న గడులుగా విడగొట్టే వలను, అంటే మెష్‌ను, పగులు మొన దగ్గర ఎంత సన్నం చేస్తే ప్రతిబలం (ఒక్కో యూనిట్ వైశాల్యం మీద పడే బలం) అంత పెద్ద అంకెగా వస్తుంది, ఎక్కడా నిలవదు. అందుకే ఆ అంకెను నమ్మం. పగులు మొన చుట్టూ ప్రతిబలం ఎంత తీవ్రంగా ఉందో చెప్పే ప్రతిబల తీవ్రత గుణకాన్ని లెక్కించి, 1963లో పారిస్, ఎర్డొగాన్ అనే పరిశోధకులు ప్రచురించిన సూత్రంలో పెడతాం; ఒక్కో భారచక్రానికి పగులు ఎంత పెరుగుతుందో, అంటే పగులు వేగం, అది చెబుతుంది. ఉక్కుకు అందులో ఆ గుణకానికి ఉండే ఘాతం సుమారు 3. అంటే ప్రతిబలంలో 10 శాతం తప్పు జరిగితే పగులు వేగంలో 33 శాతం తప్పుతుంది. ప్రమాణాల తికమక ఇంకా ఘోరం: గుణకంలో పొడవు వర్గమూలంగా ఉంటుంది కనుక, మీటర్ల లెక్కను మిల్లీమీటర్లకు మార్చడం మరిస్తే గుణకం 31.6 రెట్లు తేడా వస్తుంది, దాని ఘనం 31 వేలు దాటుతుంది. కొత్త చోట తప్పు దొర్లకూడదని వీటిని రాత్రిళ్లు కూర్చొని మళ్లీ మళ్లీ సరిచూశాను.

అడగవలసిన ప్రశ్న మాత్రం అడగలేదు. లెక్క మొదలవ్వాలంటే పగులు అప్పటికే ఉండాలి. ఎంత లోతున, ఏ ఆకారంలో? పాత ఫైలులో అర మిల్లీమీటరు అర్ధవృత్తం అని ఉంది, అదే తీసుకున్నాను. సందేహం రాలేదని కాదు. నా వీసా ఆ ఉద్యోగంతో ముడిపడి ఉంది, ఇక్కడి భాషలో నా మాట ఇంకా తడబడుతోంది. ‘నాకు తెలియదు’ అంటే చేతకానివాడిననుకుంటారేమోనని సమావేశంలో అంకె చెప్పి కూర్చున్నాను.

ముక్క నేను చెప్పిన చక్రాల్లో మూడో వంతు కూడా నిలవలేదు.

ప్రయోగశాల బాధ్యతలు చూసే సీనియర్ ఒకావిడ నన్ను పిలిచి, విరిగిన ముఖాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టారు. “ఇక్కడ ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టండి” అన్నారు. గాడి అంచు వెంట ఏడు చిన్న మెట్లు కనిపించాయి. పక్కపక్కనే వేర్వేరు తలాల్లో పుట్టిన పగుళ్లు ఒకదానితో ఒకటి కలిసిన చోట్లవి. యంత్రం కోసినప్పుడు మిగిలిన గీత వెంట అవన్నీ పుట్టి, ఒకే పొడవాటి పగులుగా లోపలికి సాగాయి. సమంగా లాగిన మందపాటి పలకలో అర్ధవృత్తపు పగులుకు లోతైన చోట ఆకార గుణకం (పగులు ఆకారాన్ని బట్టి ప్రతిబల తీవ్రతను హెచ్చించే అంకె) దాదాపు 0.66, అంచు పొడవునా ఉన్న పగులుకు 1.12. ఘనం చేస్తే, అదే లోతులో వేగం ఇంచుమించు ఐదు రెట్లు. పైగా ఆ తొలి చిన్న పగుళ్లు సూత్రానికి పూర్తిగా లొంగవు, పెరగవని లెక్క చెప్పే చోట కూడా పెరుగుతాయి.

“మీకు ముందే అనుమానం వచ్చిందా?” అని అడిగారు. వచ్చిందన్నాను.

“అప్పుడే చెప్పి ఉంటే పరీక్షను మధ్యలో ఆపి చూసేవాళ్లం కదా.” ఆ గొంతులో కోపం లేదు, చూడవలసింది చూడలేకపోయామన్న బాధ ఉంది. నన్ను కలచివేసింది అదే.

తర్వాతి నివేదికలో ఒక్క అంకె ఇవ్వలేదు. తొలి పగులును మూడు విధాలుగా ఊహించి మూడు వక్రరేఖలు గీశాను, అవి నా ఊహలని పైనే రాశాను. సమావేశంలో వ్యాకరణం తప్పుతూనే ముందుగా ఆ మాట చెప్పాను. రెండో ముక్కను ఎన్ని చక్రాల దగ్గర ఆపాలో ఆవిడ నన్నే అడిగి, కాగితం మీద రాసుకున్నారు.