మల్లి కన్ను, నల్లోడి కన్ను

ఈ ఏడు వారాలూ మా ఇల్లు మా కుక్క నల్లోడి కంటి చుక్కల చుట్టూనే తిరిగింది. పొద్దున ఆరింటికి ఒకటి, మధ్యాహ్నం పన్నెండింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పడుకోబోయే ముందు ఇంకొకటి. ఆ మధ్యలోనే వంటా, జాకెట్లు కుట్టడమూ. నిన్నటితో అయిపోయింది. ఇక్కడ తెనాలిలో నాలాగే కుక్కల్నీ పిల్లుల్నీ పెంచుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు అడిగారు, వాడికేం మందు వేశావు, పేరు చెప్పవా అని. పేరు చెప్తాను. కానీ అంతకంటే ముందు మల్లి సంగతి చెప్పాలి.

మల్లి మా పిల్లి. రెండేళ్ల క్రితం డాబా మీద వేరే పిల్లితో దెబ్బలాడి, ఎడమ కన్ను మూసుకుని దిగొచ్చింది. కన్ను ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి. మా అత్తయ్యకి శుక్లాల ఆపరేషన్ అయి అప్పటికి రెండు నెలలు. ఆవిడ చుక్కల మందు ఫ్రిజ్ తలుపులో ఇంకా సగం ఉంది. "పాపం నోరులేనిది. నాకు ఎంత హాయిగా ఉండేదో, అదే రెండు చుక్కలు వెయ్యవే అమ్మాయ్" అన్నారు. నేనూ సరే అన్నాను. మెడికల్ షాపులో అడిగితే ఆ అబ్బాయి కూడా "కంటి మందే కదండీ, వెయ్యొచ్చు" అన్నాడు.

మూడు రోజుల్లో ఎరుపు తగ్గింది, ఎంతో సంతోషించాం. నాలుగో రోజు పొద్దున చూస్తే నల్లగుడ్డు మీద గంజి తెట్టు కట్టినట్టు తెల్లటి పొర. ఒళ్లో పెట్టుకుంటే వణుకుతోంది. ఆటో మాట్లాడుకుని గుంటూరు పరిగెత్తాం.

డాక్టరు గారు నారింజ రంగు కాగితం ముక్క ఒకటి సెలైన్ చుక్కతో తడిపి మల్లి కంటికి తాకించారు. గదిలో లైటు ఆపేసి నీలం లైటు వేశారు. కంటి నడుమ మినప్పప్పు బద్దంత మేర పచ్చగా వెలిగింది. ఆ పచ్చదనం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. బాగున్న చోట ఆ రంగు అంటదట, పై పొర లేచిపోయిన చోటే పట్టుకుంటుందట. అంటే గోరు దిగి లోపల పుండు పడింది.

అత్తయ్య మందులో ఉన్నది స్టెరాయిడ్. అది వాపునీ ఎరుపునీ అణిచేస్తుంది కాబట్టి పైకి నయమైనట్టే ఉంటుంది. కానీ పుండు మీద కొత్త పొరని త్వరగా రానివ్వదు, క్రిములతో పోరాడే శక్తినీ తగ్గిస్తుంది. ఇంకొన్నాళ్లు వేసి ఉంటే నల్లగుడ్డు కరిగి చిల్లు పడే ప్రమాదం ఉండేదన్నారు. పిల్లులకి ఇంకో చిక్కు కూడా ఉంది. చాలా పిల్లులకి కూనలుగా ఉన్నప్పుడే హెర్పిస్ వైరస్ సోకి, ఒంట్లో చప్పుడు చేయకుండా ఉండిపోతుంది. స్టెరాయిడ్ చుక్కలు దాన్ని మళ్లీ లేపగలవు.

ఆ మందు ఆ క్షణమే ఆపించారు. రెండు గంటలకోసారి యాంటీబయాటిక్ చుక్కలు రాశారు. మల్లి రక్తమే కొంచెం తీసి, పైకి తేలిన సీరాన్ని చిన్న సీసాలో పోసి ఇచ్చారు. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టుకుని, అదీ చుక్కలుగానే వేశాం. నెల పట్టింది. కన్ను దక్కింది, పువ్వు మాత్రం మిగిలిపోయింది. అత్తయ్య చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఆవిడ ప్రేమతో చెప్పిన మాట అది. డాక్టరుకి చూపించకుండా సరే అన్నది నేను.

అప్పట్నుంచి స్టెరాయిడ్ అనే మాట వింటేనే నాకు టెన్షన్.

ఇప్పుడు నల్లోడు. వీధిలో పుట్టి మా గుమ్మంలో పెరిగినవాడు, ఐదేళ్లుంటాయి. వానలు మొదలయ్యాక పిడుదులు పట్టాయి. చెవుల్లోంచీ వేళ్ల సందుల్లోంచీ ఏరుతూనే ఉన్నా. ఓ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడు కుడి కన్ను చిట్లించి, వెలుతురులోకి రానని కుట్టుమిషను కింద దూరాడు. టార్చి వేసి చూస్తే కన్ను లోపల పొగ కమ్మినట్టు మసక, కింది అంచున ఎర్రటి గీత, కంటిపాప సూది మొనంత. నాకు మల్లి కన్నే గుర్తొచ్చింది. డాక్టరు గారి దగ్గర కూర్చున్న వెంటనే "స్టెరాయిడ్ మాత్రం వద్దండీ" అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. అదే నారింజ కాగితం, అదే నీలం లైటు. నేను ఊపిరి బిగబట్టి చూశాను. ఎక్కడా పచ్చ తేలలేదు. తర్వాత పెన్నులాంటి మిషనుతో కంటి ప్రెషర్ చూస్తే 7 వచ్చింది. కుక్కలకి సుమారు 10 నుంచి 25 మధ్య ఉండాలట. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు 62 వేలు. రెండు లక్షలకి పైన ఉండాల్సినవి. టిక్ ఫీవర్ అని తేలింది. పిడుదు కుట్టినప్పుడు ఎర్లీకియా అనే క్రిమి రక్తంలోకి వెళ్తుంది. అది కంటి లోపలి రక్తనాళాలనీ పాడుచేస్తుంది. దాంతో కంటి లోపల వచ్చే వాపునే యువైటిస్ అంటారు.

"అమ్మా, పిల్లికి పైన పుండు. వీడికి లోపల మంట. పిల్లికి ఏ మందు వద్దన్నామో, వీడికి అదే కావాలి" అన్నారు. లోపలి వాపుని వదిలేస్తే పాప అంచు వెనకున్న లెన్స్‌కి అతుక్కుపోతుందట. కంట్లో నీరు బయటికి వెళ్లే దారి మూసుకుపోయి ప్రెషర్ పెరుగుతుందట. అప్పుడిక చూపు పోతుంది. నా భయం విని ఆయన స్టెరాయిడ్ రాయకుండా ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

స్టెరాయిడ్ కాని వాపు మందులు లేవా అనీ అడిగాను. ఉన్నాయి. ఫ్లర్బిప్రోఫెన్, కీటోరొలాక్, నెపాఫెనాక్ లాంటివి. షుగరు ఉండి శుక్లాలు వచ్చిన కుక్కల్లో వీటివైపే మొగ్గుతారట, స్టెరాయిడ్ చుక్క ఒంట్లోకి కూడా కొంత చేరి షుగరుని పెంచవచ్చు కాబట్టి. అయితే పుండున్న కంటికి ఇవీ మంచివి కావు, మానడం ఆలస్యం చేస్తాయి. నల్లోడికి ప్లేట్‌లెట్లు తక్కువ, కంట్లో అప్పటికే రక్తపు చార ఉంది. ఈ మందులు రక్తస్రావాన్ని పెంచొచ్చని ఆయన రాయలేదు.

రాసినవి మూడు. ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ అనే స్టెరాయిడ్ చుక్కలు రోజుకి నాలుగుసార్లు. నొప్పి తగ్గి పాప విప్పారి ఉండటానికి కొన్నాళ్లపాటు అట్రోపిన్ చుక్కలు. అసలు జబ్బుకి డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు. పేర్లు ఇవీ. వీటిని చూసి మీ కుక్కకి మాత్రం దయచేసి కొనకండి.

ప్రెడ్నిసొలోన్ సీసా గురించి ఒక్క మాట. మొదటి రోజు ఊపకుండానే వేశాను. రాత్రి వెలుతురుకి ఎత్తి చూస్తే, సున్నపునీళ్లలో సున్నం దిగినట్టు మందంతా అడుక్కి చేరి, పైన తేట నీళ్లున్నాయి. పగలంతా వాడి కంట్లో పడింది చాలావరకు ఆ తేటే. ఆ తర్వాత ప్రతిసారీ పాలలా తెల్లబడేదాకా ఊపి, అప్పుడే మూత తీశాను.

వేసే పద్ధతి కూడా నాలుగైదు రోజులకి గానీ కుదరలేదు. ఎదురుగా వెళ్తే సీసా చూసి తల తిప్పేస్తాడు. మిషనుకీ గోడకీ మధ్య మూలలోకి వీపు ఆనేట్టు కూర్చోబెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చునేదాన్ని. ఎడమచేత్తో గడ్డం పైకెత్తి, కుడిచేయి తల వెనకనుంచి తెచ్చి, ఆ చేతి అంచుతోనే పైరెప్ప వెనక్కి లాగి ఒక్క చుక్క. సీసా మొన కంటికీ రెప్పకీ తగలకూడదు. రెండో చుక్క దండగ, కంట్లో ఒక్క చుక్కకే చోటు చాలదు. తర్వాత ఉడికించిన గుడ్డు ముక్క. వారం తిరిగేసరికి ఆ గుడ్డు కోసం వాడే ఆరింటికి మూలలో వచ్చి కూర్చునేవాడు.

రెండు మందుల మధ్య ఐదు నిమిషాలకి తగ్గకుండా ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే ఆఖర్న. అట్రోపిన్ వేశాక నల్లోడు నోట్లోంచి చొంగ కార్చేవాడు. మొదటిసారి హడలిపోయి ఫోన్ చేశాను. కంట్లోంచి సన్నని కాలువ ముక్కులోకీ గొంతులోకీ ఉంటుందట, ఆ మందు చేదు అలా నోటికి చేరుతుంది. అట్రోపిన్ వేసినన్నాళ్లూ ఎండలోకి పంపలేదు, పాప విప్పారి ఉంటే వెలుతురు భరించలేరు.

పదో రోజుకల్లా కన్ను తేటపడింది. ఇక చాలేమో అనిపించింది. డాక్టరు గారు ఒప్పుకోలేదు. ఒక్కసారిగా ఆపితే వాపు తిరగబెడుతుంది. మళ్లీ ప్రెషర్ చూసి, నాలుగు చుక్కలు మూడుకి, రెండుకి, ఒకటికి, ఆఖరికి రోజు విడిచి రోజుకి తెచ్చారు. ప్రతి తనిఖీలో మళ్లీ ఆ నారింజ కాగితం. మధ్యలో కొత్త పుండు పడితే మందు మార్చాలి కదా. ప్లేట్‌లెట్లు రెండు లక్షల పదివేలకి వచ్చాయి.

సీసా తెరిచిన రోజునే లేబుల్ మీద పెన్నుతో తేదీ రాసి పెట్టాం. నాలుగు వారాలు కాగానే, ఇంకా సగం ఉన్నా పక్కనపెట్టి కొత్తది తెచ్చాం. రెండోది నిన్న ఆఖరి చుక్కతో ముగిసింది. అడుగున ఇంకా కొంచెం మందుంది. రాత్రి నేను మిషను దగ్గర ఉంటే అత్తయ్య ఫ్రిజ్ తలుపు తీసి, ఆ సీసా పట్టుకుని, కళ్లద్దాలు సవరించుకుని తేదీ చదివారు. "దీని పని అయిపోయింది కదూ" అని అడిగి, నేను తలూపగానే పాత కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేసి వచ్చారు. తర్వాత మల్లిని ఒళ్లోకి తీసుకుని, పువ్వు పడిన కంటి పక్కన వేలితో రాస్తూ చాలాసేపు కూర్చున్నారు.