నీరు పల్లమెరుగు

ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఇంటికొచ్చి కాసేపు ఏడ్చి మర్చిపోయేదాన్ని.

ఇంగ్లండులో ఆసుపత్రి నర్సుగా చేరిన మూడో నెల. ఆ పొద్దున నాకు అప్పగించిన ఆరుగురిలో 86 ఏళ్ల పెద్దాయన ఒకరు. హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె సరిపడా రక్తం తొయ్యలేక ఒంట్లో నీరు చేరే జబ్బు. నాలుగు రోజులుగా మంచం దిగలేదు. దుప్పటి తీసి చీలమండల దగ్గర బొటనవేలితో నొక్కి చూశాను, గుంట పడలేదు. చార్టులో 'వాపు లేదు' అని రాసి సంతకం పెట్టాను. మా సీనియర్ సిస్టర్ వేల్స్ ఆవిడ, రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. (అక్కడ సిస్టర్ అంటే ఒక హోదా. మన దగ్గరలా తెల్లకోటు వేసుకున్న ప్రతి ఆడపిల్లా సిస్టర్ అయిపోదు.) చార్టు చూసి "ఒకసారి రా" అంది. పెద్దాయన్ని అడిగి, ఇద్దరం కలిసి ఆయన్ని పక్కకి తిప్పాం. వెన్ను చివర, పిరుదుల పైన, బొటనవేలు ఆనించి నాలుగైదు సెకన్లు నొక్కి తీసింది. కలిపిన పిండిలో వేలు దిగినట్టు గుంట పడింది, పూడుకోవడానికి చాలాసేపు పట్టింది. "ఈయన నాలుగు రోజులుగా పడుకునే ఉన్నారు కదా, నీరు పాదాల్లోకి ఎలా వెళ్తుంది?" అని అడిగి, చార్టు నా చేతికిచ్చి వెళ్లిపోయింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. మా నాన్నమ్మ నోట రోజుకోసారైనా వచ్చే సామెత. తిరిగే మనిషికి పల్లం పాదాలు, పడుకున్న మనిషికి నడుము. ఇది నర్సింగ్ పుస్తకాల్లో ఉంది, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మరి నా చెయ్యి చీలమండల దగ్గరే ఎందుకు ఆగిపోయింది?

మొదట పౌరుషంతో ఒక జవాబు దొరికింది. విశాఖలో నేను నాలుగేళ్లు పనిచేసిన వార్డులో రాత్రి షిఫ్టుకి ఇద్దరం, ముప్పై మంచాలు. ఒంట్లో నీరు లాగేసే లాసిక్స్ ఇంజెక్షన్ నిమిషానికి 4 మిల్లీగ్రాములకు మించి ఎక్కించకూడదు, చెవులు దెబ్బతింటాయి. అంటే 80 మిల్లీగ్రాములు రాసిన ఒక్క మనిషి దగ్గరే ఇరవై నిమిషాలు నిలబడాలి. అవతల ఇంకో నలుగురు "సిస్టర్, సిస్టర్" అంటూ ఉంటారు. ఆ హడావుడిలో ఒక్కొక్కరినీ తిప్పి వీపు నొక్కి చూసేదెవరు? మాకు చేతకాక కాదు, రండి, మీరు ఒక్క రాత్రి చేసి చూపించండి అని ఆ వేల్స్ ఆవిడతో మనసులో వారం రోజులు పోట్లాడాను.

కానీ ఆ జవాబు నిలబడలేదు. ఎందుకంటే విశాఖలో నా చార్టుల్లో నడుము దగ్గరి వాపు ఎప్పుడూ తప్పిపోలేదు. మరి అది రాసిందెలా అని గుర్తు చేసుకుంటే, మంచం కింద చాప కనిపించింది. ఆ చాప మీద పడుకునే భార్యో, కూతురో, కోడలో కనిపించారు. ఒళ్లు తుడిచేది వాళ్లు, తిప్పేది వాళ్లు, బెడ్‌పాన్ పెట్టేది వాళ్లు. నేను బీపీ మిషను పట్టుకుని వెళ్లేసరికి "సిస్టరమ్మా, రాత్రంతా కూకునే ఉన్నాడమ్మా, పడుకుంటే ఊపిరాడతా లేదంట" అనేది ఆ ఇల్లాలు. "నడుం కాడ తుడుస్తుంటే వేలు దిగిపోతంది, చూడమ్మా" అనేది. నేను దాన్ని ఆర్థోప్నియా, సేక్రల్ ఎడీమా అని అందంగా రాసేదాన్ని. రౌండ్సులో డాక్టరుగారు మెచ్చుకునేవారు. పరీక్ష చేసింది ఆవిడ, ఇంగ్లీషులోకి మార్చింది నేను.

ఇంగ్లండులో మంచం పక్కన కుర్చీ ఖాళీ. వచ్చినవాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు, కొందరికి వచ్చేవాళ్లే ఉండరు. నాకు చెప్పేవాళ్లు లేరు. పోనీ రోగినే అడుగుదామా అంటే, ఆ తరం ఇంగ్లీషువాళ్లకి ఫిర్యాదు చెయ్యడమంటే నామోషీ. "ఆయాసం ఉందా?" అంటే "నాకేం, బాగానే ఉన్నాను" అంటారు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. వేల్స్ ఆవిడ అలా అడగదు. "ఇంట్లో ఉన్నప్పుడు రాత్రి ఎక్కడ పడుకునేవారు?" అంటుంది. అప్పుడు బయటపడుతుంది, మూడు వారాలుగా మంచం ఎక్కలేదని, హాల్లో వాలుకుర్చీలోనే నిద్రపోతున్నారని. "తలకింద ఎన్ని దిండ్లు? పోయినేడు ఎన్ని?" "మేడ మెట్లు ఎక్కుతూ ఎక్కడ ఆగుతారు?" ఇలాంటివి ఆవిడ ప్రశ్నలు.

అక్కడ మెచ్చుకోవాల్సినవి చాలా ఉన్నాయి. హార్ట్ ఫెయిల్యూర్‌కే ప్రత్యేకంగా నర్సులుంటారు. ఇంటికి వెళ్లి చూస్తారు, అర్హత ఉన్నవాళ్లు మందుల మోతాదు వాళ్లే మారుస్తారు. విశాఖలో ఉన్న మా క్లాస్‌మేటుకి ఫోన్లో చెబితే "కోతలు కొయ్యకే" అంది. అయినా ఖాళీ కుర్చీ చూసినప్పుడల్లా ఆ చాపే గుర్తొచ్చేది. రాత్రి రెండింటికి ఒక పెద్దావిడ "ఎవరైనా ఉన్నారా?" అని పిలిస్తే వెళ్లి చెయ్యి పట్టుకుంటాను, అటువైపు ఇంకో బెల్లు మోగుతుంది. మన చాప అక్కడ పరవనివ్వరు కదా అని ఎన్నిసార్లు అనుకున్నానో.

ఇంత గొప్పగా చాప గురించి తలచుకున్న నేను, మా ఇంట్లో చాప మీద ఉన్న మనిషిని అడగలేదు.

ఇప్పుడు మే నెల, గాజువాకలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను. నాన్న స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యారు. కొన్నేళ్ల కిందట గుండెపోటు వచ్చింది. ఈ మార్చిలో ఆయాసంతో ఆసుపత్రిలో చేరితే, ఎకోలో, అంటే గుండె స్కానింగులో, ఎజెక్షన్ ఫ్రాక్షన్ 30 శాతం అన్నారు. ఎడమ గది నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకి బయటికి వెళ్లేది అంతే. మామూలుగా సగానికి పైనే వెళ్లాలి. నాలుగు రకాల గుండె మందులు, పైన నీటి మాత్ర రాసి పంపారు. నేను సెలవు దొరికించుకుని వచ్చేసరికి ఈ నెల అయింది.

వచ్చిన రోజు అమ్మ వంటింట్లోంచే అంది, "సంక్రాంతికి కొన్న చెప్పులు శివరాత్రికి పట్టలేదే. పట్టీ వదులు చేయించాం. ఇంకో తలగడ కావాలన్నారు, ఇచ్చాను. ముసలితనం అనుకున్నాం." నేను ప్రతి ఆదివారం వీడియో కాల్ చేస్తూనే ఉన్నాను. అందులో ముఖమే కదా కనిపించేది. "ఎలా ఉన్నావు నాన్నా?" అంటే "నాకేటి, బానే ఉన్నాను" అనేవారు. ఆ మాట ఇంగ్లీషులో విని పోల్చుకోవడం నేర్చుకున్నాను గానీ తెలుగులో వింటే నమ్మేశాను.

ఆ తప్పు దిద్దుకోవాలని కాబోలు, మర్నాటి నుంచి ఇల్లు వార్డు చేసేశాను. డిజిటల్ కాటా కొన్నాను. పొద్దున లేచి బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అదే లుంగీతో కాటా ఎక్కాలి. మూడు రోజుల్లో 2 కేజీలకు మించి పెరిగితే నీరు చేరినట్టే, లీటరు నీరంటే కేజీ బరువు. ఆవకాయ, అప్పడాలు, నెత్తళ్లు, ఉప్పేసిన తరవాణి అన్నీ బంద్. పక్కింటి మావయ్య ప్రేమగా 'తక్కువ సోడియం' ఉప్పు పట్టుకొస్తే దాన్నీ వెనక్కి పంపాను. అందులో ఉండేది పొటాషియం, నాన్న వేసుకునే గుండె మాత్ర స్పైరనోలాక్టోన్ కూడా పొటాషియం పెంచేదే, రెండూ కలిస్తే అసలుకే మోసం. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు తీసి పారేశాను, అవి ఒంట్లో నీరు నిలబెడతాయి. ఇవన్నీ సరైనవే. ఇంకొకటి చేశాను: లీటరున్నర సీసాకి గీత గీసి, రోజంతా తాగేది ఇంతే అన్నాను. మా ఇంగ్లండు వార్డు లెక్క.

"నేనేటి పురిటి పిల్లోడినేటి, రోజూ తూకమెయ్యడానికి?" అని నాన్న కసిరారు. కానీ ఎక్కారు. మొదటి రోజు 62.4. తర్వాత 61.5, 60.8, 60.1. పెరగడం లేదని నేను సంబరపడ్డాను. అయిదో రోజు పొద్దున నాన్న మంచం మీంచి లేచి నిలబడి, తూలి, గోడ పట్టుకున్నారు. బీపీ పడుకుంటే 104, నిలబడితే 82.

కార్డియాలజీ ఓపీలో నర్సు మా క్లాస్‌మేటే. కోతలు కొయ్యకే అన్న పిల్ల. నేను రాసి తెచ్చిన చార్టు తీసుకుని పక్కన పెట్టింది. నాన్న నాలుక చూసింది. మా అమ్మ వైపు తిరిగి "పిన్నీ, ఒంటేలుకి ఎన్నిసార్లు వెళ్తున్నారు? రంగెలా ఉంది?" అంది. "రెండు రోజులై ముదర పసుపే. పొద్దున్న ఒకసారి, రాత్రి ఒకసారి. బనీను మాత్రం పిండితే నీళ్లే" అంది అమ్మ, బస్సు టైము చెప్పినంత తేలిగ్గా. అప్పుడు నా వైపు తిరిగింది. "ఏమే, పెరిగితేనే ఫోన్ చెయ్యమని నేర్పారా అక్కడ? తగ్గితే ఎవరికి చెప్పాలి? ఇది మే నెల, విశాఖపట్నం. మీ ఇంగ్లండు కాదు."

డాక్టరుగారు నీటి మాత్ర తాత్కాలికంగా సగం చేసి, తాగే నీళ్లు పెంచి, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలకి రాశారు. నన్ను ఏమీ అనలేదు. ఆటోలో వస్తుంటే అమ్మని అడిగాను, రెండు రోజులై చూస్తున్నావు కదా, నాకెందుకు చెప్పలేదని. "నువ్వు నర్సువి కదమ్మా, నీకు తెలుసనుకున్నాను" అంది. దానికి ఏం చెప్పాలో తెలియక సింధియా వైపు వెళ్లే బస్సులు చూస్తూ కూర్చున్నాను.

ఎల్లుండి నా ప్రయాణం. సూట్‌కేసు సర్దుతూ, కాటా లెక్కలు ఎక్కడ రాయాలో అమ్మకి చూపిద్దామని వంటింట్లోకి వెళ్లాను. గోడకున్న తిథుల క్యాలెండర్లో పెన్సిలుతో అప్పటికే రాసి ఉన్నాయి. పాలవాడి లెక్క పైన, నాన్న బరువు కింద. నేను చెప్పినవీ, చెప్పనివీ. నిన్నటి గడిలో ఇలా ఉంది: 'ఏకాదశి. పాలు అర్ధ. 61.9. ఒక తలగడ. చెప్పులు వదులు.'