నాలుగుసార్లు వెళ్లి రెండుసార్లే వెళ్లినట్టు

శనివారం, రాత్రి పది దాటింది

మావారి ముభావం ఇంకా తగ్గలేదు. పొద్దున బేస్‌బాల్ మ్యాచ్‌లో మావాడు కొట్టిన బంతికి నేను హిట్ రాయలేదని. "కన్నకొడుక్కి కూడా..." అని మధ్యాహ్నం అన్నం దగ్గర మొదలుపెట్టి, మాట పూర్తిచేయకుండా పప్పు వడ్డించుకున్నారు.

ఈ సీజన్‌లో జట్టుకి స్కోరు రాసే పని నాది. ప్రతి ఇంటి నుంచీ ఎవరో ఒకరు ఏదో ఒక పని చేయాలన్నారు. నీళ్లు, పళ్లు తెచ్చే పనులు చురుకైన తల్లులు అప్పటికే పంచేసుకున్నారు, మిగిలింది ఇదే. అమెరికాలోని ఈ ఫ్రిస్కోలో ఈమధ్య ఎండ పదింటికే చురుక్కుమంటోంది. మడతకుర్చీ, గొడుగు, పెన్సిలు, స్కోరు పుస్తకం పట్టుకుని కూర్చుంటాను. ఫోన్‌లో యాప్ ఉందంటారు గానీ, కాగితం మీద గళ్లు నింపితేనే నాకు ఆట తలకెక్కుతుంది.

మావాడు ఇవాళ నాలుగుసార్లు బ్యాటింగ్‌కి వెళ్లాడు. మొదటిసారి పిచర్ బంతులన్నీ దూరంగా వేసి వాక్, అంటే కొట్టకుండానే ఫస్ట్ బేస్, ఇచ్చేశాడు. రెండోసారి రైట్ ఫీల్డర్ ముందు పడేలా కొట్టి ఫస్ట్ బేస్ చేరాడు. అది శుభ్రమైన హిట్, అంటే ఎవరి తప్పూ లేకుండా తన దెబ్బతోనే బేస్ చేరడం. మూడోదే పేచీ. బంతి నేలమీద దొర్లుకుంటూ తిన్నగా షార్ట్‌స్టాప్ దగ్గరికే వెళ్లింది. ఆ పిల్లాడు గ్లవ్ కిందికి దించేలోపు కాళ్ల మధ్యనుంచి దూరిపోయింది. మావాడు బేస్ మీద నిలబడి చేతులు పైకెత్తాడు, మావారు ఈల వేశారు. నేను 'ఎర్రర్', అంటే ఫీల్డర్ తప్పు, అని రాశాను. నాలుగోసారి ఎత్తుగా కొట్టాడు. క్యాచ్ పట్టేశారు, కానీ పట్టాక థర్డ్ బేస్ మీదున్న పిల్లాడు పరుగెత్తుకొచ్చి రన్ తెచ్చాడు. దాన్ని శాక్రిఫైస్ ఫ్లై అంటారు.

బ్యాటింగ్ సగటు లెక్క చెప్పడానికి ఒక్క ముక్క చాలు: హిట్లని ఎట్ బ్యాట్లతో భాగించడమే. చిక్కంతా ఎట్ బ్యాట్ దగ్గరే. బ్యాటు పట్టుకుని వెళ్లిన ప్రతిసారీ ఎట్ బ్యాట్ కాదు. వాక్ వస్తే లెక్కలోకి రాదు. బంతి ఒంటికి తగిలి బేస్ దొరికినా రాదు. శాక్రిఫైస్ ఫ్లై, బేస్ మీదున్నవాణ్ని ముందుకు పంపడానికి బంతిని మెల్లగా తట్టే శాక్రిఫైస్ బంట్ కూడా అంతే. ఫీల్డర్ ఎర్రర్ వల్ల బతికిపోతే మాత్రం ఎట్ బ్యాట్ ఒకటి పెరుగుతుంది, హిట్ పెరగదు. కుర్రాడు బేస్ మీద నిక్షేపంగా నిలబడి ఉన్నా, సగటు దృష్టిలో అవుటైనట్టే.

కాబట్టి ఇవాళ మావాడివి 2 ఎట్ బ్యాట్లు, 1 హిట్. సీజన్ మొత్తానికి 36కి 10 ఉన్నది 38కి 11 అయింది, అంటే 0.278 నుంచి 0.289. ఇక్కడ సున్నా, చుక్క ఎవరూ పలకరు, 'టూ ఎయిటీ నైన్' అంటారు. మావారు ఫోన్‌లో వేరే లెక్క వేసి చూపించారు. ఆ మూడోది హిట్ అయితే 38కి 12, అంటే 316. "మూడొందలు దాటేవాడు!" 300 అంటే మంచి బ్యాటర్ అని ఇక్కడ అందరూ ఒప్పుకునే గీత. కొడుకు గీత దాటకుండా తల్లే అడ్డుపడిందని ఆయన బాధ. కొడుక్కి మాత్రం ఏమీ పట్టలేదు, ఐస్‌క్రీమ్ తిని పడుకున్నాడు.

పెద్దవాళ్లు ఆడే మేజర్ లీగ్‌లోనూ ఇదే తంతు. ప్రతి మ్యాచ్‌కీ ఒక అఫీషియల్ స్కోరర్ కూర్చుని, ఫీల్డర్ మామూలు ప్రయత్నంతో ఆ బంతిని ఆపగలిగేవాడా లేదా అని తేలుస్తాడు. మామూలు ప్రయత్నం అంటే ఎంత? ఆయనకి ఎంత అనిపిస్తే అంత. మూడు దశాంశ స్థానాల దాకా లెక్కగట్టే అంకె అడుగున ఒక మనిషి అభిప్రాయం ఉండటం నాకైతే నచ్చింది. రూల్స్ కూడా నిలకడగా లేవు. 1887లో వాక్‌ని కూడా హిట్‌గా లెక్కేశారు. సగటులు చుక్కలనంటాయి, ఆ ఒక్క ఏడాదితో మానేశారు. టెడ్ విలియమ్స్ అనే ఆటగాడు 1941లో 406 సగటు కొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అప్పట్లో శాక్రిఫైస్ ఫ్లైకి మినహాయింపు లేదు, అదీ ఎట్ బ్యాటే. సీజన్ చివరి రోజు పొద్దుటికి ఆయన 448కి 179 మీద ఉన్నాడు. అంటే 0.39955, సర్దితే 400. కావాలంటే ఆడకుండా కూర్చోమని మేనేజర్ అన్నాడట. వినలేదు. ఆ రోజు రెండు మ్యాచ్‌లూ ఆడి 8కి 6 కొట్టి, 456కి 185తో ముగించాడు. మేజర్ లీగ్‌లోని అమెరికన్, నేషనల్ లీగుల్లో మళ్లీ ఎవరూ సీజన్ మొత్తానికి 400 అందుకోలేదు.

రాత్రి తొమ్మిదికి నాన్నకి ఫోన్ చేశాను. తెనాలిలో ఆదివారం పొద్దున్న, పేపరు, కాఫీ వేళ. మనవడు ఎలా ఆడాడని అడిగితే ఈ పురాణమంతా చెప్పాను.

"అదేంటమ్మాయ్, నాలుగుసార్లు వెళ్లి రెండుసార్లే వెళ్లినట్టా? మన నాటౌట్ లాగా అన్నమాట."

పూర్తిగా కాదన్నాను. నాటౌట్‌లో పరుగులు పైన కలుస్తాయి, కింద భాగహారంలో మాత్రం ఆ ఇన్నింగ్స్ ఉండదు. వాక్ పైనా ఉండదు, కిందా ఉండదు. అసలు ఈ ఆటలో స్కోరు కార్డులకి ఒక రూపం తెచ్చిన హెన్రీ ఛాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, న్యూయార్క్‌లో క్రికెట్ వార్తలు కూడా రాసినవాడని చెబితే నాన్న ముఖం వెలిగింది. కానీ 300 దగ్గర మళ్లీ ఆగిపోయారు.

"పదిసార్లకి మూడు హిట్లా? మన టెన్త్‌లో ముప్పై ఐదు వస్తేగానీ పాస్ కాదు కదే."

పాసైనవాళ్లూ ఉన్నారు నాన్నా అన్నాను. టై కాబ్ కెరీర్ మొత్తానికి 367. నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడుకోవాల్సి వచ్చిన నీగ్రో లీగుల లెక్కల్ని 2024లో మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక, జాష్ గిబ్సన్ 372తో పైకి వచ్చాడు. ఎప్పుడో 1947లోనే పోయాడు పాపం.

ఆ తర్వాత టోనీ గ్విన్ సంగతి చెప్పాను. 1996లో ఆయన సగటు 353, నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ. కానీ ఎక్కువ సగటుకిచ్చే బ్యాటింగ్ టైటిల్‌కి కనీసం 502సార్లు బ్యాటింగ్‌కి వెళ్లి ఉండాలి. మ్యాచ్‌కి 3.1 చొప్పున, 162 మ్యాచ్‌లకి. ఇక్కడ మాత్రం వాకులతో సహా అన్నీ లెక్కే. ఆయన వెళ్లింది 498సార్లు. దానికీ ఒక రూల్ ఉంది. తక్కువైన నాలుగూ ఆడి, నాలుగుసార్లూ హిట్ లేకుండా పోయినట్టు కలిపి చూస్తారు. అలా చూసినా 349 వచ్చింది, రెండో అతనిది 344. టైటిల్ గ్విన్‌కే ఇచ్చారు.

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "బ్రాడ్‌మన్‌కీ నాలుగే కదా తక్కువైంది" అన్నారు. 1948లో ఓవల్‌లో చివరి ఇన్నింగ్స్ సున్నా. ఇంకో 4 పరుగులు చేస్తే సరిగ్గా 100, ఆగింది 99.94 దగ్గర. "ఆయనకెవరూ కలపలేదే!"

"వీళ్లు కలిపింది పరుగులు కాదు నాన్నా, నాలుగు సున్నాలు."

"సున్నాలైతే మా రోజుల్లో బోలెడు ఇచ్చేవాళ్లం" అని ఆయన తన కాలేజీ టీము కథ ఎత్తుకోబోతుంటే, అమ్మ ఫోన్ లాక్కుని అల్లుడుగారు ఎందుకు పలకడం లేదని అడిగింది.